ఇంట్లో నల్లుల కోసం వెతకడం: చూడవలసిన చోట్లు, చదవవలసిన గుర్తులు

ఉపోద్ఘాతం

మనిషి రక్తం మీద బతికే బాహ్య పరాన్నజీవుల్లో దోమ, పేను తర్వాత చెప్పుకోవలసినది నల్లి. దాని వర్గీకరణ, జీవిత చక్రం మీకు అవసరమైనంత మేరకు ఈ పాఠంలో వస్తాయి. అయితే పాఠం ముఖ్యోద్దేశం వేరు. మీరు ఉంటున్న ఇంట్లో గానీ, అద్దె గదిలో గానీ, హాస్టల్లో గానీ నల్లులు ఉన్నాయా లేవా అన్నది ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోగలగాలి.

ఇది పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. నల్లి అంటే మనకు హాస్యమే గుర్తుకు వస్తుంది. మన చాటుకవులు దేవుళ్లను సైతం నల్లి బాధితులను చేసి నవ్వించారు. కానీ ఇల్లు సరిగా చూడకుండా ముందే మందు కొట్టడం వల్ల జరిగే నష్టం నవ్వులాట కాదు. ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు నల్లుల కోసం పడకగదిలో పెడతారు. గాలిలోని తేమ తగిలితే ఆ మాత్రల నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. అది తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్కగదికీ పక్కింటికీ పోతుంది. అలా నిద్రలోనే ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఒకటికి మించి జరిగాయి. అందులో పసిపిల్లలూ ఉన్నారు. కాబట్టి మందు ఆలోచన రాకముందే, ఆ ఇంట్లో ఉన్నది నల్లేనా, ఎక్కడ ఉంది, ఎంత దూరం పాకింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు మీ చేతిలో ఉండాలి.

కాటును చూసి నిర్ణయించకండి

ఉదయం లేచేసరికి చేతి మీద వరసగా మూడు నాలుగు ఎర్రటి దద్దుర్లు కనిపిస్తాయి. "నల్లులే" అని ఇంట్లో పెద్దవాళ్లు తీర్పు చెప్పేస్తారు. నిజానికి దద్దురును చూసి నల్లి అని చెప్పడం చర్మ వైద్యుడికి కూడా కష్టమే. దోమ కాటు, చీమ కాటు, గజ్జి, దుస్తుల ఒరిపిడి, మందుల ఎలర్జీ ఇలాంటి దద్దుర్లనే తెస్తాయి. నల్లి కుట్టినప్పుడు లాలాజలంలో నొప్పి తెలియనివ్వని పదార్థాలు, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు శరీరంలోకి వెళతాయి. మనకు కలిగే దురద ఆ లాలాజలానికి మన శరీరం ఇచ్చే ప్రతిస్పందన మాత్రమే. అది మనిషికొక తీరుగా ఉంటుంది. ఒకే మంచం మీద పడుకున్న భార్యాభర్తల్లో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే, ఇంకొకరికి ఒక్క మచ్చ కూడా ఉండకపోవచ్చు. కొందరిలో దద్దురు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు.

దీని నుంచి రెండు సంగతులు గ్రహించాలి. దద్దుర్లు ఉన్నంత మాత్రాన నల్లులు ఉన్నట్టు కాదు. దద్దుర్లు లేనంత మాత్రాన లేనట్టూ కాదు. ఒంటి మీది గుర్తు అనుమానం కలిగిస్తుంది, అంతే. రుజువు మంచంలో దొరకాలి.

మన ప్రాంతపు నల్లి

నల్లి హెమిప్టెరా క్రమానికి, సైమిసిడే కుటుంబానికి చెందిన కీటకం. మనిషిని ఆశ్రయించేవి ముఖ్యంగా రెండు జాతులు. లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన సైమెక్స్ లెక్టులారియస్ చల్లని, సమశీతోష్ణ ప్రాంతాల్లో ఎక్కువ. ఉష్ణమండలంలో, అంటే మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో, సాధారణంగా కనిపించేది సైమెక్స్ హెమిప్టెరస్. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. తల వెనకనున్న ఉరఃఖండం మొదటిదానిలో అంచుల దగ్గర వెడల్పుగా రెక్కల్లా సాగి ఉంటుంది, రెండోదానిలో అంత సాగదు. ఈ తేడా చూడటానికి భూతద్దం కావాలి.

ఈ రెండింటి మధ్య ఇంకొక తేడా ఉంది. వెతికేవాడికి అది చాలా ముఖ్యం. మొదటి జాతి నల్లి నున్నటి ప్లాస్టిక్, గాజు గోడలను ఎక్కలేదు. ఆ నమ్మకంతోనే పాశ్చాత్య దేశాల్లో మంచం కోళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, వాటిలో పడిన నల్లులను లెక్కిస్తారు. మన ఉష్ణమండలపు నల్లి కాళ్ల మీద అంటుకునే నూగు ఎక్కువగా ఉంటుంది. అది అలాంటి గిన్నె గోడను ఎక్కి బయటికి పోగలదు. వీడియోలు చూసి ఆ గిన్నెలు కొన్నవారు "గిన్నె ఖాళీగా ఉంది, మా ఇంట్లో నల్లులు లేవు" అని నిశ్చింతగా పడుకుంటే మోసపోతారు. వేరే దేశపు సలహా ఆ దేశపు పురుగుకే సరిపోతుంది.

ప్రౌఢ నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎండు గోధుమ రంగు, అండాకారం, కాగితంలా పలచని శరీరం. రెక్కలు లేవు, ఎగరలేదు, గెంతలేదు. రక్తం తాగగానే ఉబ్బి, పొడవు సాగి, ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఆడనల్లి రోజుకు ఒకటి నుంచి అయిదు దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు పొడవు, పాల తెలుపు. జిగురుతో సందులో అతుక్కుని ఉంటుంది కాబట్టి దులిపినా రాలదు. వెచ్చని వాతావరణంలో 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతుంది. ప్రౌఢ దశకు చేరేలోగా శాబకం అయిదు దశలు దాటుతుంది. ప్రతి దశలోనూ కనీసం ఒకసారి రక్తం తాగి, తర్వాత కుబుసం విడుస్తుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, వెతికేటప్పుడు అక్కరకు వస్తుంది.

పగటి నల్లిని వెతకాలి

చాలామంది దుప్పటి దులిపి, దిండు తిరగేసి, ఏమీ కనిపించలేదని వదిలేస్తారు. నల్లి రోజులో ఎక్కువసేపు ఎక్కడ ఉంటుందో ఆలోచించకపోవడమే కారణం. ఒకసారి రక్తం తాగడానికి దానికి 5 నుంచి 10 నిమిషాలు చాలు. మళ్లీ తాగడానికి కొన్ని రోజులు ఆగుతుంది. అయిదు రోజులకొకసారి పది నిమిషాలు అనుకుందాం. అయిదు రోజులంటే 7,200 నిమిషాలు. అందులో మీ ఒంటి మీద గడిపేది పది. మిగతా కాలమంతా దాదాపుగా సందులోనే. మీరు వెతకవలసింది భోజనానికి వచ్చిన నల్లిని కాదు, ఇంట్లో కూర్చున్న నల్లిని.

దాని ఇల్లు ఎలా ఉంటుంది? చీకటిగా, కదలిక లేకుండా, ఇరుకుగా ఉండాలి. వీపుకు, పొట్టకు రెండు వైపులా ఏదో ఒకటి తగులుతూ ఉంటేనే దానికి స్థిమితం. ఏటీఎం కార్డు అంచు దూరే సందు నల్లికి చాలు. పైగా తమ వాసన ఆధారంగా నల్లులు ఒకేచోట గుమిగూడతాయి. అందుకని ఒకచోట ఒక నల్లి కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఇంకొన్ని ఉంటాయని అనుకోవచ్చు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి దానికి దారి చూపుతాయి. కాబట్టి తల పెట్టుకునే వైపుకు దగ్గరగా ఉండటమే దానికి లాభం. నల్లులు కొత్తగా చేరిన ఇంట్లో చాలావరకు పడక నుంచి రెండు మీటర్ల లోపే దొరుకుతాయి. సంఖ్య పెరిగాకనే గోడలు, తలుపులు, పక్కగదులు.

వెతికేటప్పుడు పురుగు కంటే ముందు దాని ఆనవాళ్లు కనిపిస్తాయి. వాటిలో నమ్మదగినది మలం మచ్చ. జీర్ణమైన రక్తం కాబట్టి నల్లగా, పెన్ను కొనతో చుక్క పెట్టినట్టు ఉంటుంది. బట్ట మీద పడితే సిరాలా కొద్దిగా ఇంకుతుంది, చెక్క మీద కొంచెం ఉబ్బెత్తుగా ఎండుతుంది. తడి దూదితో రుద్దితే ఎర్రటి గోధుమ రంగు చార వస్తుంది. బొద్దింక మలమైతే గింజగింజలుగా ఉండి రాలిపోతుంది. రెండో ఆనవాలు కుబుసం. ఒక్కొక్క నల్లి అయిదుసార్లు కుబుసం విడుస్తుందని చెప్పుకున్నాం కదా, ఒక మోస్తరు గుంపు ఉన్నచోట పొట్టులాంటి పలచని పసుపుపచ్చ పెంకులు తప్పకుండా పోగవుతాయి. అవి ఖాళీ నల్లుల్లాగే ఉంటాయి, కాళ్ల ఆకారంతో సహా. దుప్పటి మీద చిన్న రక్తపు మరకలు కూడా చూడవచ్చు గానీ, చితికిన దోమ కూడా అలాంటి మరకనే వదులుతుంది. వాటికి అంత విలువ ఇవ్వకండి.

వాసన గురించి ఒక మాట. నల్లిని నలిపితే వచ్చే కంపు మన ముందు తరానికి బాగా తెలుసు. ఆ వాసనకు కారణమైన ఆల్డిహైడ్లు పచ్చి కొత్తిమీర వాసనలోని రసాయనాలకు దగ్గరి చుట్టాలు. కోరియాండర్ అన్న మాట నల్లికి గ్రీకు పేరైన కోరిస్ నుంచి పుట్టిందని భాషావేత్తల్లో చాలామంది అంటారు. అయితే గదిలో అడుగు పెట్టగానే ఆ వాసన తగిలిందంటే నల్లులు విపరీతంగా ఉన్నట్టు. తొలి దశలో ముక్కు పనికిరాదు.

పడక దగ్గర మొదలుపెట్టండి

కావలసిన సామగ్రి తక్కువే. మంచి టార్చి (ఫోను వెలుగు కూడా చాలు), పాత ఏటీఎం కార్డు, స్క్రూడ్రైవరు, తెల్లని బట్ట, సెల్లోటేపు, మూత గట్టిగా పట్టే చిన్న సీసా. పగటిపూట తీరిగ్గా ఒక గంట కేటాయించండి. ముందు రోజు స్ప్రే కొట్టకండి. కొడితే నల్లులు చెదిరి కొత్త సందుల్లోకి పోతాయి, మీ పని రెట్టింపు అవుతుంది.

దుప్పటిని లాగి దులపకండి. నాలుగు మూలల నుంచి లోపలికి మడిచి, తెల్లబట్ట మీద పెట్టి చూడండి. దిండు గలీబులను లోపలి వైపు తిప్పి కుట్లు పరిశీలించండి. ఆ తర్వాత పరుపు. దాని చుట్టూ అంచున పోసిన కుట్టును వేలితో విడదీస్తూ, టార్చిని పక్కవాటుగా పట్టి, ఒక మూల నుంచి మొదలుపెట్టి మళ్లీ ఆ మూలకే రండి. టార్చిని నిట్టనిలువుగా కొడితే పలచని కుబుసాలు, గుడ్లు కనిపించవు. పక్కవాటు వెలుగులో వాటి నీడ పడుతుంది. కంపెనీ పేరు కుట్టిన గుడ్డముక్క కింద, గుండీలు నొక్కిన గుంటల్లో, జిప్పు మడతలో తప్పక చూడండి. దూది పరుపైతే చిరుగులు, అతుకులు వదలకండి.

తర్వాత మంచం. చాలామంది పరుపు చూసి ఆపేస్తారు గానీ, నా అనుభవంలో పరుపు కంటే మంచమే ఎక్కువ చెబుతుంది. నులక మంచమైతే పట్టె, కోడు కలిసే చోట బెజ్జం, నులక పట్టెను చుట్టిన మడతలు. నవారు మంచమైతే నవారు ఒకదాని మీద ఒకటి పడిన అల్లిక, పట్టె కింది వైపు. చెక్క మంచమైతే తలవైపు పలకను గోడ నుంచి జరిపి వెనక్కి చూడండి. సామాను పెట్టుకునే పెట్టె మంచమైతే ప్లైవుడ్ పలకల అంచులు, మేకు గుంతలు, కబ్జాల వెనక. హాస్టళ్లలో ఇనుప మంచాలకు నల్లులు పట్టవని ఒక నమ్మకం ఉంది. ఇనుము వాటికి అడ్డేమీ కాదు. ఆ మంచాల గొట్టాలు లోపల బోలుగా ఉంటాయి. బోల్టు బెజ్జాల దగ్గర, రబ్బరు బిరడా ఊడిన గొట్టం చివర చూడండి. సందులో కార్డు అంచుతో మెల్లగా గీరి తెల్లబట్ట మీద పడేలా చేయండి. కార్డు అంచుకు నల్లటి మరక అంటితే మీరు సరైన చోటికే వచ్చారు.

పడకలో ఏదో ఒకటి దొరికినా, దొరకకపోయినా పడక చుట్టూ రెండు మీటర్లు పూర్తి చేయండి. దోమతెర మడతలు, ముఖ్యంగా పై మూలలు. కిటికీ పరదా మడతలు. క్యాలెండరు, పటాల వెనక గోడ. పెచ్చులూడిన సున్నం, మేకు బెజ్జాలు. గుమ్మానికీ గోడకూ మధ్య చీలిక. తలవైపు ఉన్న స్విచ్చి బోర్డు అంచును టార్చితో చూడండి, విప్పదలిస్తే మెయిన్ ఆపి గానీ స్క్రూడ్రైవరు పెట్టకండి. ప్లాస్టిక్ కుర్చీ అడుగున మడత, పుస్తకాల అట్టల వెనక వెన్ను. ఇంట్లో ఎవరైనా సోఫాలో పడుకునే అలవాటు ఉంటే సోఫా కూడా పడకే.

పెట్టెలు, సంచులు వేరే చెప్పుకోవాలి. నల్లి తనంతట తాను ఊళ్లు దాటదు, మనం మోసుకువస్తాం. గర్భం ధరించిన ఒక్క ఆడనల్లి సూట్‌కేసు చక్రం పక్క మడతలో కూర్చుంటే చాలు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి, ఇరుకు గదుల్లో వరస మంచాల మీద పడుకుని వచ్చేవారికి ఈ బాధ తెలుసు. అమెరికాలో చదువుకునే మన పిల్లలు వీధి పక్కన వదిలేసిన పరుపు ఉచితమే కదా అని తెచ్చుకుని ఇదే చిక్కులో పడుతుంటారు. ప్రయాణం నుంచి రాగానే పెట్టెను మంచం మీద పెట్టవద్దు. ఎండలో, గచ్చు మీద విప్పి, కుట్లు, జేబులు, చక్రాల గుంతలు చూశాకే లోపలికి తీసుకోండి. పాత సామాను కొన్నా అంతే.

ఇక్కడ ఒక సామాజిక విషయం చెప్పక తప్పదు. నల్లులు కనిపించగానే "ఎవరు తెచ్చారు" అన్న వెతుకులాట మొదలవుతుంది. వేలు పనిమనిషి వైపో, పల్లె నుంచి వచ్చిన చుట్టం వైపో, హాస్టల్లో అందరికంటే పేద విద్యార్థి వైపో తిరుగుతుంది. నల్లి తినేది రక్తాన్ని, మురికిని కాదు. అద్దంలా తుడిచిన ఇంట్లోనూ అది బతుకుతుంది. సామాను ఎక్కువైతే దాక్కునే చోట్లు పెరుగుతాయన్నది నిజమే, అంతకు మించి శుభ్రతతో దానికి సంబంధం లేదు. నింద భయంతో చెప్పకుండా దాచిన నల్లి నెల తర్వాత అందరి గదుల్లోనూ ఉంటుంది.

దొరికింది నల్లేనా?

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో విద్యార్థులు సీసాల్లో పురుగులు తెచ్చి "సార్, నల్లి" అని చూపించేవారు. చాలా సీసాల్లో ఉన్నది నల్లి కాదు. బొద్దింక పిల్లలకు స్పర్శశృంగాలు పొడవుగా ఉంటాయి, పరుగు చురుగ్గా ఉంటుంది. పిడుదుకు ఎనిమిది కాళ్లు, నల్లికి ఆరు. పుస్తకాల పురుగు చాలా చిన్నది, మెత్తనిది. బియ్యంలోని పెంకుపురుగుకు గట్టి పెంకు రెక్కలు ఉంటాయి. పై అంతస్తులో గబ్బిలాలు గానీ, కిటికీ మీద పావురాలు గానీ కాపురం ఉంటే వాటి మీద బతికే నల్లి బంధువులు, పురుగులు గదిలోకి దిగుతాయి. అప్పుడు చూడవలసింది మంచం కాదు, గూడు. దొరికినదాన్ని సెల్లోటేపుకు అంటించి ఉంచుకుంటే ఎవరికైనా చూపించి అడగవచ్చు.

దొరికిన తర్వాత

మొదట ఒక భయం తీర్చాలి. నల్లి సహజంగా మనుషుల మధ్య ఏ రోగాన్నైనా వ్యాపింపజేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. మద్రాసులో పనిచేసిన పాటన్ 1907లో కాలా అజార్‌ను నల్లి మోస్తుందని ప్రతిపాదించాడు. ఆ అభిప్రాయం చాలాకాలం నడిచింది. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్‌ల ప్రయోగాలతో దోషి ఇసుక ఈగ అని స్థిరపడింది. నల్లి చేసే హాని దురద, గోకిన చోట పుండు, నిద్రలేమి, మనసుకు కలిగే చికాకు. అవి తక్కువ బాధలేమీ కావు, కానీ ప్రాణం మీదికి తెచ్చే మందులకు అవి కారణం కాకూడదు.

మందుల మీద పూర్తిగా ఆధారపడటం కూడా కుదరదు. మలేరియా కోసం 1950లలో ఇళ్లలో డీడీటీ కొట్టినప్పుడు మొదట నల్లులు కూడా చచ్చాయి, జనం సంతోషించారు. తర్వాత వాటికి నిరోధకత వచ్చింది. డీడీటీ తగిలిన నల్లులు చావకపోగా రేగి బయటికి వచ్చేవి. "మందు కొడితే నల్లులు పెరుగుతున్నాయి" అని చాలాచోట్ల జనం తలుపులు మూశారు. ఈనాటి దోమల స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లకూ నల్లులు చాలావరకు అలవాటు పడ్డాయి.

వేడిని మాత్రం అవి తట్టుకోలేవు. 60 డిగ్రీల నీటిలో నానబెట్టి ఉతికిన దుప్పటిలో గుడ్డు కూడా మిగలదు. మంచం సందుల్లో సలసల కాగే నీళ్లు పోసే మన పాత పద్ధతి నులక, ఇనుప మంచాలకు ఇప్పటికీ మంచిదే. ప్లైవుడ్‌కు పనికిరాదు. పరుపును ఎండలో వేస్తే పై భాగం కాలుతుంది గానీ నల్లులు నీడ ఉన్న అడుగుకు పోతాయి. వేస్తే నడి వేసవిలో, తిరగేస్తూ, కుట్లను బ్రష్షుతో గీరుతూ వేయాలి. ఇల్లు తాళం వేసి ఊరెళితే ఆకలితో చస్తాయనుకోకండి, వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అవి తిండి లేకుండా ఉండగలవు. గుంపు బాగా పాకి ఉంటే లైసెన్సు ఉన్న తెగుళ్ల నివారణ సంస్థను పిలవండి. ఏ మందు వాడుతున్నారో పేరు అడగండి. మాత్రలు పెడతామంటే ఒప్పుకోకండి.

మీరే చేసి చూడండి

తెల్ల కాగితం మీద మీ పడకగది పటం గీయండి. మంచం, తలవైపు, తలుపు, కిటికీ గుర్తించండి. పైన చెప్పిన వరసలో వెతికి, చూసిన ప్రతి చోట తేదీ వేయండి. మచ్చలు కనిపిస్తే 'మ', కుబుసం అయితే 'కు', గుడ్లయితే 'గు', బతికిన నల్లి అయితే 'న' అని రాయండి. ఏమీ లేకపోతే సున్నా చుట్టండి. ఖాళీగా వదలవద్దు, ఎందుకంటే ఖాళీ అంటే చూడలేదని అర్థం, సున్నా అంటే చూసి లేదని అర్థం. పాత మచ్చలను తడిగుడ్డతో తుడిచేయండి. గుడ్లు పొదగడానికి పది రోజుల దాకా పడుతుంది కాబట్టి, రెండు వారాలయ్యాక అదే పటం తీసుకుని అవే చోట్లు మళ్లీ చూడండి. తుడిచిన చోట కొత్త మచ్చ పడితే నల్లులు ఇంకా ఉన్నట్టు. అప్పుడు కూడా సున్నాలే వస్తే మరో రెండు వారాలు ఆగి మూడోసారి చూడండి. రెండు పటాలనూ మీ ప్రాక్టికల్ రికార్డులో అంటించి, కౌన్సెలింగ్ తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి.